కృష్ణమ్మకు కూడా ఒక తైబందీ రాయండి

కృష్ణా, గోదావరి నదీ యాజమాన్య బోర్డుల అధ్యక్షులకు, సభ్యులకు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నీటిపారుదల శాఖల మంత్రులకు, ఇంజనీర్ ఇన్ చీఫ్‌లకు –

అయ్యా, నమస్కారం.

నేను నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసుకునే ఆడమనిషిని. నా పుట్టిల్లు ఖమ్మం జిల్లాలో బోనకల్లు వైపు. అత్తిల్లు ఎన్టీఆర్ జిల్లాలో వత్సవాయి వైపు. నాకు పెళ్లయినప్పుడు రెండూ ఒకే రాష్ట్రంలో ఉండేవి. ఇప్పుడు మధ్యలో సరిహద్దు వచ్చింది. కాలువ మాత్రం అదే. మా పుట్టింటి వైపు పొలాలు తడిపాక మిగిలిన నీళ్లే మా అత్తింటి వైపు దిగుతాయి. అందుకని ఈ ఉత్తరం ఏ ఒక్క రాష్ట్రం తరఫునా రాయలేను. రాద్దామన్నా నాకు చేతకాదు. నీళ్లు తక్కువైన ఏడు కృష్ణ నీళ్లు ఎవరికి ఎంతో ముందే కాగితం మీద రాసి పెట్టమని అడగడానికే రాస్తున్నాను.

2023 సంగతి చెబుతాను. ఆ ఆగస్టులో చినుకు లేదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు ఇంకోటి లేదని వాతావరణ శాఖ చెప్పింది. అప్పటికే నేను ఎకరంన్నర మిర్చికి విత్తనం, మందుకట్టలు తెచ్చి పెట్టుకున్నాను. నీళ్లు వస్తాయా రావా అని ఎవరిని అడిగినా తేల్చి చెప్పలేదు. "చూద్దాం, శ్రీశైలానికి వరద వస్తే వదులుతారు" అన్నారు. సరే వస్తాయిలే అని వేశాను. నవంబరు నాటికి తోట పూత మీద, పిందె మీద ఉంది. కాలువలో మాత్రం బురద. రోజూ పొద్దున్నే తూము దగ్గరికి పోయి, షట్టర్ కింద మట్టిలో చెయ్యి పెట్టి చల్లగా ఉందేమో చూసేదాన్ని. పైన వదిలారని లస్కర్, అంటే కాలువ చూసే మనిషి, చెప్పిన మూడో రోజుకు చీలమండ లోతున నీళ్లొచ్చాయి. సాయంత్రానికి ఆగిపోయాయి. నాలుగు సాళ్లు తడిశాయి, అంతే.

తమ్ముడికి ఫోన్ చేశాను. "మీ దగ్గర కాలువలో నీళ్లున్నాయా రా?" అని అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

"ఉన్నాయక్కా. రాత్రి నేనే ఇంజన్ పెట్టాను కాలువ మీద. నా తోట కూడా వాడిపోతుంది. నేను పెట్టకపోతే పక్కోడు పెడతాడు."

వాడి మీద కోపం రాలేదంటే అబద్ధమవుతుంది. వచ్చింది. నా చేత్తో అన్నం తిని పెరిగినవాడు. కానీ వాడి చోట నేనున్నా అదే పని చేసేదాన్ని. ఆ సంగతి కూడా ఆ రాత్రే తెలిసింది.

ఆ రోజుల్లోనే నవంబరు 30 వచ్చింది. తెలంగాణలో పోలింగ్ రోజు. తెల్లవారకముందే ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యామ్ మీదికి వచ్చి 13వ గేటు దాకా తమ అధీనంలోకి తీసుకున్నారు. ముళ్లకంచెలు వేశారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత కేంద్ర బలగాలు దిగాయి. 2015 ఫిబ్రవరిలో కూడా అదే డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఒకరినొకరు తోసుకోవడం టీవీలో చూశాం. 2023లో ఆ వార్తలు నడిచినన్నాళ్లూ మా ఇంట్లో మా తమ్ముడి పేరు ఎవరూ ఎత్తలేదు. అటు వాళ్లింట్లో కూడా నా పేరు ఎత్తలేదని తర్వాత మా మరదలు చెప్పింది.

డ్యామ్ మీద పోలీసులను పెట్టిన ప్రభుత్వాన్నీ, కాలువ మీద ఇంజన్ పెట్టిన మా తమ్ముడినీ నేను వేరుగా చూడలేకపోతున్నాను. ఇద్దరిదీ ఒకటే టెన్షన్. నీళ్లు తక్కువైన ఏడు ఎవరికి ఎంత, ఎప్పుడు అన్న మాట ముందుగా ఎవరూ ఎవరితో అనుకోలేదు. ఎవరికి అందింది వాళ్లు తీసుకున్నారు.

మా పుట్టిన ఊళ్లో చెరువుకు అలా ఉండేది కాదు. నా చిన్నప్పుడు, యాసంగి నాట్లకు ముందు, ఒక పొద్దున ఆయకట్టు రైతులంతా కట్ట మీద చేరేవాళ్లు. నీరటికాడు తూము దగ్గర నీళ్లలోకి దిగి పొడుగు కర్ర నిలబెట్టేవాడు. కర్ర మీద తడి ఎంతవరకు వచ్చిందో అందరికీ ఎత్తి చూపించేవాడు. "ఏడు అడుగులు" అని అరిస్తే కట్ట మీదున్న వాళ్లందరికీ లెక్క తెలిసిపోయేది. చెరువు నిండితే ఆయకట్టంతా నాటు. సగం ఉంటే సగం నాటే. ఆ సగం కట్ట కింద పొలాలున్న వాళ్లకే దక్కేది కాదు. ఎనిమిదెకరాల ఆసామి నాలుగు వేసుకోవాలి, రెండెకరాల వాడు ఒకటి వేసుకోవాలి. మిగతా చేను పెసరకో జొన్నకో వదిలేయాలి. పశువులు తాగడానికి చివర్న ఇన్ని నీళ్లు ఆపాలని కూడా ఆ రోజే అనుకునేవాళ్లు. దాన్నే తైబందీ అంటారు. తెలంగాణలో ఇప్పటికీ ఇంజనీర్లు యాసంగి తైబందీ ఖరారు చేశామని పేపర్లో ప్రకటన ఇస్తారు కాబట్టి మీకు ఈ మాట కొత్త కాదు.

గొడవలు లేవా అంటే ఉన్నాయి. రాత్రిపూట గట్టు తెంపినవాళ్లున్నారు, తూము దగ్గర కర్రలు ఎత్తుకున్నవాళ్లున్నారు. కానీ తెంపినవాడికి తాను తప్పు చేశానని తెలుసు. మర్నాడు పదిమందిలో తలెత్తలేకపోయేవాడు. ఎందుకంటే మాట అనుకున్నప్పుడు వాడూ కట్ట మీద ఉన్నాడు, కర్ర మీద తడి వాడూ చూశాడు. మరి 2023 నవంబరులో మా తమ్ముడు ఏ మాట తప్పాడు? వాడితో ఎవరూ ఏ మాటా అనలేదు కదా.

నేను మీ నుంచి కోరేది ఈ ఒక్కటే. కృష్ణకు తైబందీ రాయండి. నీళ్లు తక్కువైన ఏడు ఎవరు ఎంత తగ్గించుకోవాలో, ఏది ముందో ఏది వెనకో, రెండు రాష్ట్రాలూ కలిసి కూర్చుని, డ్యాములు నిండుగా ఉన్న ఏడాదిలోనే కాగితం మీద పెట్టండి.

వాటాల లెక్క నేను ఎత్తడం లేదు. కృష్ణ నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన 811 టీఎంసీలలో (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని 2015లో తాత్కాలికంగా రాసుకున్నారు. అది న్యాయమా కాదా అన్నది బచావత్ తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ముందుంది. ఆ ట్రిబ్యునల్ 2004లో మొదలైంది. 2010లో ఒకసారి, 2013లో ఒకసారి తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టులో కేసుల వల్ల అది గెజిట్‌లోకి ఎక్కలేదు. రెండు రాష్ట్రాల మధ్య పంపకం తేల్చమని 2023 అక్టోబరులో కేంద్రం దానికి కొత్త విధివిధానాలు ఇచ్చింది. తేలినప్పుడు తేలుతుంది. పుట్టింటికి ఎక్కువ రావాలా, అత్తింటికి ఎక్కువ రావాలా అని నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కానీ ఆ 811 అన్న అంకె ఎలా పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకోండి. బచావత్ గారు కృష్ణలో 75 శాతం విశ్వసనీయతతో 2060 టీఎంసీలు దొరుకుతాయని లెక్క కట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, మనకు 800 పంచారు. పొలాల నుంచి తిరిగి నదిలోకి చేరే ఊటనీటిని కూడా కలిపితే మన వంతు 811 అయింది. 75 శాతం అంటే నూరేళ్లలో డెబ్బై అయిదేళ్లు అంత నీరు వస్తుందని. మిగతా పాతికేళ్ల మాటేమిటి? నా ఉత్తరం ఆ పాతికేళ్ల గురించే. మా తమ్ముడు ఇంజన్ పెట్టేది ఆ ఏళ్లలోనే. డ్యామ్ మీదికి పోలీసులు వచ్చేదీ ఆ ఏళ్లలోనే.

కరువు ఏడు శ్రీశైలంలో ఉన్న కొద్ది నీటి మీద ఎన్ని చేతులు పడతాయో మీకంటే ఎవరికి తెలుసు. రాయలసీమకు పోతిరెడ్డిపాడు తూముల నుంచి సరిగ్గా నీళ్లు పారాలంటే శ్రీశైలం మట్టం 854 అడుగుల పైన ఉండాలి. ఎడమ గట్టు కరెంటు కేంద్రం అంతకంటే కిందికి కూడా తోడగలదు. 2021 వేసవి చివర్లో ఆ కరెంటు మీదే ఎంత రభస జరిగిందో చూశాం. సాగర్‌లోకి దిగిన నీటిలో హైదరాబాద్ తాగునీరు ఉంది, నల్లగొండ తాగునీరు ఉంది, రెండు కాలువల ఆయకట్టు ఉంది, ప్రకాశం బ్యారేజీ కింద డెల్టా ఉంది. పైగా గిన్నెలే చిన్నవైపోయాయి. కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టిన శ్రీశైలంలో పూడిక పోను ఇప్పుడు 215 పడుతోంది. 408 పట్టిన సాగర్‌లో 312. 2024 ఏప్రిల్ వచ్చేసరికి సాగర్ మట్టం 510 అడుగుల దగ్గరికి పడిపోయి, హైదరాబాద్ కోసం అత్యవసర మోటార్లు పెట్టాల్సి వచ్చింది. ఇన్ని అవసరాలు ఒకే నెలలో మీద పడితే 512, 299 అన్న నిష్పత్తి ఒక్కటే చూసుకుని గేట్లు తిప్పలేం. ఏ నెల, ఏ పని, ఏ మట్టం దగ్గర ఏది ఆగాలి అన్నది ముందే రాసి ఉండాలి. మీ ఇంజనీర్లు దాన్ని రూల్ కర్వ్ అంటారు. 2022లో అందుకోసమే జలాశయాల నిర్వహణ కమిటీ వేశారు. ఏకాభిప్రాయం రాలేదు. ఆ ఫైలును మళ్లీ తెరవమని నా మొర.

ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, నీళ్లు తగ్గాక రెండు రాష్ట్రాలూ బోర్డుకు లేఖలు రాస్తాయి. బోర్డు నుంచి ఒకరు, రెండు రాష్ట్రాల నుంచి ఒక్కొక్కరు ఉండే మీ త్రిసభ్య కమిటీ కూర్చుంటుంది. ఒకరు వస్తే ఒకరు రారు. నిర్ణయం అయ్యేసరికి మా తోట పిందె రాల్చుకుంటుంది. ఇందులో ఎవరినీ నిందించడం లేదు. అడుగంటిన చెరువు దగ్గర కూర్చుని పంచమంటే ఎంత మంచి ఆఫీసర్ అయినా ఏం పంచుతాడు?

నీళ్లు ఎన్ని వచ్చాయన్న దానికంటే, రావన్న సంగతి ఎప్పుడు చెప్పారన్నదే నా లాంటి దానికి ముఖ్యం. ఇది ఆఫీసుల్లో ఉన్నవాళ్లకు అంత తేలిగ్గా తట్టదేమో అని కాస్త విడమరిచి చెబుతున్నాను. కాలువ చివరన ఉన్న మా భాగాన్ని మూడో జోన్ అంటారు. నాట్లకు ముందే "ఈసారి మూడో జోన్‌కు రెండు తడులకు మించి రావు" అని తేల్చి చెప్పారనుకోండి, నేను మిర్చి వేయను. మినుము వేస్తాను, శనగ వేస్తాను. ఎకరానికి లక్ష దాటే పెట్టుబడి నెత్తిన పెట్టుకోను. కౌలు మాట్లాడుకునేటప్పుడే ఆసామితో తగ్గించి మాట్లాడుకుంటాను. రావన్న మాట చేదుగానే ఉంటుంది, కానీ దాంతో బతకొచ్చు. "చూద్దాం" అన్న మాటే మమ్మల్ని ముంచింది. ఆ ఏడాది నాకు వచ్చిన నష్టంలో సగం కరువు వల్ల వచ్చింది. మిగతా సగం ఆ "చూద్దాం" వల్ల వచ్చింది.

కాబట్టి తైబందీ ఏడాదికి రెండుసార్లు జరగాలి. జూన్ 1న నీటి సంవత్సరం మొదలయ్యేలోపు ఒకసారి. నైరుతి వెళ్లిపోయాక, అక్టోబరులో, డ్యాముల్లో ఎంత ఉందో చూసుకుని ఇంకోసారి. ముందు మనుషులకు, పశువులకు తాగునీరు. తర్వాత భూమిలో నిలబడి ఉన్న పంట. కొత్త నారు ఆ తర్వాతే. కరెంటు కోసం వదిలే నీరు కింద ఎవరి పొలానికో అందే వేళకే వదలాలి. మొదటి జోన్ వాళ్లను వరి మానుకుని ఆరుతడి పంట వేయమంటే వాళ్లకు జరిగే నష్టం ఎవరు పూడుస్తారో కూడా అందులోనే రాయాలి. పైనున్న రైతు ఊరికే త్యాగం చేయడు. మా తమ్ముడూ చేయడు. చేయమని అడగడం కూడా న్యాయం కాదు.

ఇదంతా కాగితం మీద బాగుంటుంది కానీ జరిగే పని కాదని మీలో ఎవరైనా అనొచ్చు. తుంగభద్ర బోర్డును చూడండి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పుట్టిన బోర్డు అది. ఏటా ఈసారి ఇంత నీరు దొరకొచ్చని ముందు అంచనా కడతారు. ఆ అంచనాను బట్టి రాష్ట్రాలకు దామాషాలో పంచుతారు. ప్రవాహం పెరిగినా తగ్గినా మధ్యలో సవరిస్తారు. పూడికతో డ్యామ్ 133 టీఎంసీల నుంచి 105కు పడిపోతే ఆ కోత కూడా అందరి మీదా పడింది. అక్కడా ఏడ్పులున్నాయి. రాజోలిబండ కాలువ చివర అలంపూర్ రైతులు తమ 15.9 టీఎంసీలు ఏనాడూ పూర్తిగా చూడలేదంటారు, వాళ్ల బాధ నాకు బాగా తెలుసు. అయినా 2024 ఆగస్టు 10 రాత్రి అక్కడ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు అది ఏ రాష్ట్రం గేటు అని ఎవరూ వాదన పెట్టుకోలేదు. మన కన్నయ్యనాయుడు గారి లాంటి పెద్ద ఇంజనీర్‌ను పిలిపించారు. పారుతున్న నీళ్లలోనే వారం రోజుల్లో గేటు చోట అడ్డుగా స్టాప్‌లాగ్ పలకలు దించారు. మిగిలిన నీళ్లు మూడు రాష్ట్రాల రైతులకూ దక్కాయి.

మన దగ్గర శ్రీశైలం కింద 2009 వరదలకు పడిన గొయ్యి సంగతి ఇన్నేళ్లుగా నలుగుతూనే ఉంది. మరమ్మతులు చేయాలని 2025 జూలై 16న ఢిల్లీలో ఇద్దరు ముఖ్యమంత్రులూ కూర్చున్నప్పుడు ఒప్పుకున్నారని విని సంతోషపడ్డాను.

కాలువ మరమ్మతు కూడా పంపకంలో భాగమే. 2024 సెప్టెంబరు 1న సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడింది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు సముద్రంలోకి పోయాయి. బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ చూడలేదు. మున్నేరు పొంగి ఇటు మా ఊళ్లను, అటు ఖమ్మాన్ని ముంచింది. అంత నీటి మధ్యన, గండి కింద ఉన్న కాలువ వారాల తరబడి ఎండిపోయింది. గండి ఒక రాష్ట్రంలో పడితే రెండు రాష్ట్రాల పొలాలు ఎండాయి. దారిలో ఎంత ఇంకిపోతోంది, సరిహద్దు దగ్గరికి ఎంత చేరుతోంది అన్న దాని మీద కూడా ఇన్నేళ్లుగా వాదనే. ఈ ఒక్క కాలువకైనా రెండు రాష్ట్రాల డబ్బుతో, రెండు రాష్ట్రాల ఇంజనీర్లతో ఒకే మరమ్మతు ప్రణాళిక ఉంటే తప్పేముంది?

గోదావరి మాటకు వస్తాను. మేం ఎండుతుంటే అక్కడ పొంగి సముద్రంలోకి పోతోంది, తెచ్చి పోస్తే సరిపోతుంది కదా అని మా ఊళ్లోనూ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కొంతవరకు నిజం కూడా. 2015 నుంచి పట్టిసీమలో 24 పంపులు 8,500 క్యూసెక్కుల దాకా ఎత్తి పోలవరం కుడి కాలువలో పోస్తున్నాయి. ఆ నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తాయి. దానివల్ల డెల్టా నారుమళ్లు సాగర్ కోసం ఎదురుచూడటం తగ్గింది. కింద ఆ మేరకు ఊరట దొరికితే పైన ఆ మేరకు మిగలాలి. నీరు ఒక నది బేసిన్ (పరీవాహకం) నుంచి ఇంకో నది బేసిన్‌కు పోతే ఎవరికి ఎంత చేరాలన్నది 1978లోనే రాష్ట్రాలు రాసుకున్నాయి. పోలవరం నుంచి 80 టీఎంసీలు కృష్ణకు మళ్లిస్తే కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14, సాగర్ పైన మనకు 45 అని. 1980లో గోదావరి ట్రిబ్యునల్ తీర్పులో అది ఎక్కింది. పోలవరం ఇంకా కడుతూనే ఉన్నాం, పంపకం మాత్రం నలభై ఏళ్ల ముందే రాశారు. ఆ 45 మాది అని ఇవాళ తెలంగాణ అడుగుతోందంటే, అడగడానికి ఒక కాగితం ఉండబట్టే.

ఆ మధ్య పోలవరం నుంచి రాయలసీమలోని బనకచర్లకు 200 టీఎంసీలు, 80 వేల కోట్ల రూపాయలు అన్నారు. తెలంగాణ వద్దంది. 2025 జూన్ 30న కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ ప్రతిపాదనను వెనక్కి పంపింది. ఇందులో నా మాట ఇది. రాయలసీమ దాహం నిజం. అనంతపురం రైతు నాకంటే చివర ఉన్నాడు, వాడి కడుపు కొట్టి నా పొలం తడుపుకోవాలని నాకు లేదు. కానీ కాలువ తవ్వాక పంపకం మాట్లాడుకుందాం అంటే అది మళ్లీ డ్యామ్ మీద ముళ్లకంచెల దగ్గరికే పోతుంది. ముందు లెక్క, తర్వాత తవ్వకం. గోదావరికి కూడా పాతికేళ్ల మాట ఉంటుంది. 2015లో శ్రీరాంసాగర్ ఎలా అడుగంటిందో నిజామాబాద్, జగిత్యాల రైతులను అడగండి. అలాంటి ఏడు పంపులు ఆగాలా నడవాలా, ఆగితే ఏ మట్టం దగ్గర, ఈ సంగతులు ముందే తేలాలి. అలాగే ఇచ్చే నది ఒడ్డున ఉన్నవాళ్లకూ ఆ గదిలో కుర్చీ ఉండాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఇళ్లొదిలి పోయినవాళ్లు, పోలవరం ముంపులో ఊళ్లు ఖాళీ చేస్తున్నవాళ్లు. వాళ్లను అడగకుండా వాళ్ల నదిని పంచుకోవడం నాకు మనస్కరించదు.

రాష్ట్రాలు ఇచ్చిపుచ్చుకోలేవని మాత్రం ఎవరూ అనకండి. మద్రాసు కృష్ణా బేసిన్‌లో లేదు. తమిళనాడుకు కృష్ణ మీద ఏ హక్కూ లేదు. అయినా 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఆ ఊరి దాహానికి ఇస్తామని సంతకం పెట్టాయి. బచావత్ ముందు ఒకరి మీద ఒకరు వాదించుకున్న రాష్ట్రాలే అవి. 1983లో తెలుగుగంగ పనులు మొదలయ్యాయి, 1996లో కృష్ణ నీళ్లు పూండి చెరువుకు చేరాయి. సరిహద్దు దగ్గర ఇవ్వాల్సిన 12 టీఎంసీలు పూర్తిగా అందిన ఏళ్లు అరుదే, ఆ లోటు మనం ఒప్పుకోవాలి. కానీ దారిలో కడప, నెల్లూరు పొలాలకు కూడా ఆ కాలువే దిక్కయింది. పరాయి ఊరి దాహం కోసం కూర్చోగలిగినవాళ్లం, అక్కాతమ్ముళ్ల మధ్య పంపకానికి కూర్చోలేమా?

కర్ణాటక ఎగువన కృష్ణ మీదున్న ఆల్మట్టి డ్యామ్‌ను 519 మీటర్ల నుంచి 524కు పెంచుతామంటోంది. అక్కడ రెండు తెలుగు రాష్ట్రాలదీ ఒకే వాదన. ఇంట్లో పంపకం కాగితం లేకుండా బయటికి వెళ్లి ఏమని అడుగుతారు?

ఇంకో రెండు సంగతులు. మొదటిది కొలత. నీరటికాడు కర్ర ఎత్తి చూపించినట్టు మీరు కూడా చూపించండి. పారే నీటిని తనంతట తానే కొలిచి అంకె పంపే టెలిమెట్రీ యంత్రాలు మొదటి విడతలో 18 చోట్ల పెట్టారు. మిగతా చోట్ల కూడా పెట్టడానికి 2025 జూలైలో ఒప్పుకున్నారు. త్వరగా పెట్టండి. పెట్టిన అంకె రెండు రాష్ట్రాల ఆఫీసర్ల కంప్యూటర్లలోనే ఉండిపోకూడదు. పోతిరెడ్డిపాడు దగ్గర ఎంత పోతోంది, ఎడమ కాలువ హెడ్ రెగ్యులేటర్ దగ్గర ఎంత, పాలేరు దగ్గర ఎంత, సరిహద్దు దగ్గర ఎంత అన్నది నా ఫోన్‌లో, మా తమ్ముడి ఫోన్‌లో ఒకేసారి కనపడాలి. మా ఇద్దరికీ తెలుగు చదవడం వచ్చు, తెలుగులో పెట్టండి. ఒకే అంకె ఇద్దరం చూస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఆంధ్రావాళ్లు తోడేస్తున్నారంటారు, మా ఊళ్లో తెలంగాణవాళ్లు ఆపేస్తున్నారంటారు. రెండు చోట్లా ఆ మాటలు విన్న మనిషిని నేను.

రెండోది, గదిలో ఎవరుండాలన్నది. బోర్డు సమావేశాల ఫొటోల్లో నాకు ఒక్క రైతు కూడా కనపడలేదు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. ఆంధ్రలో 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో జరిగి చాలా ఏళ్లయింది. జరిపించండి. ఆ తర్వాత ఎడమ కాలువ మొత్తానికి, మొదటి జోన్ నుంచి మూడో జోన్ చివరి తూము దాకా, సరిహద్దుతో సంబంధం లేకుండా ఒకే సంఘం పెట్టండి. లస్కర్లను కూడా కూర్చోబెట్టండి. ఏ షట్టర్ ఎక్కడ కారుతుందో, ఏ మలుపు దగ్గర ఇంజన్లు పడతాయో వాళ్లకే తెలుసు. ఆడవాళ్లను మర్చిపోకండి. మా ఊళ్లో రాత్రి తడులు పెట్టేవాళ్లలో సగం మంది మేమే.

2024లో, 2025లో వానలు బాగా పడ్డాయి. శ్రీశైలం, సాగర్ గేట్లు ఎత్తారు. మా తమ్ముడు, నేను మళ్లీ మామూలుగా మాట్లాడుకుంటున్నాం. మొన్న సంక్రాంతికి వాడింటికి వెళ్తే, నన్ను కాలువ మీదికి తీసుకెళ్లి ఇంజన్ పెట్టిన చోటు చూపించాడు. గట్టు మీద నల్లటి ఆయిల్ మరక ఇంకా ఉంది. "మళ్లీ అలాంటి ఏడొస్తే ఏం చేద్దామక్కా?" అన్నాడు. నేనేం చెప్పగలను? ఇద్దరం కాసేపు అక్కడే నిలబడి వచ్చేశాం. ఇంటికొచ్చాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

కృష్ణా బోర్డు ఆఫీసు అమరావతిలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా మాకు ఒకటే. ఈ మే నెలలో, జూన్ రాకముందు, ఒక్క రోజు మా కాలువ మీదికి రండి. రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, మొదటి జోన్ వాళ్లు, మూడో జోన్ వాళ్లు, అందరూ. మా పుట్టింటి వైపు పెట్టినా సరే, అత్తింటి వైపు పెట్టినా సరే. టెంటు, భోజనాలు మేం చూసుకుంటాం. మీరు డ్యాముల్లో ఉన్న లెక్క, పోయిన ఏళ్ల విడుదల లెక్కలు, కొన్ని తెల్లకాగితాలు తెచ్చుకుంటే చాలు. మా తమ్ముడు వస్తానన్నాడు.

ఇట్లు,
నాగార్జునసాగర్ ఎడమ కాలువ మూడో జోన్ రైతు,
రెండో జోన్ ఆడపడుచు